పొలారిటీ మార్చినా తేడా రాకపోతే: దగ్గర నుంచి వినే స్పీకర్లకు క్రాసోవర్ కట్టుకోవడం

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. అమలాపురంలో ఇంటి గదిలోనే హరికథలు, ప్రవచనాలు రికార్డు చేసి సరిదిద్దుతున్నారు. ఆ పనికోసం అయిదంగుళాల వూఫర్, అంగుళం సిల్క్ డోమ్ ట్వీటర్, రెండూ 8 ఓంలవి కొని, 18 సెంటీమీటర్ల వెడల్పు పెట్టెల్లో బిగించారు. 2500 హెర్ట్జ్, 12 డెసిబెల్ అని రాసి ఉన్న రెడీమేడ్ క్రాసోవర్ బోర్డు పెట్టారు (కింది ధ్వనిని వూఫర్‌కూ, పై ధ్వనిని ట్వీటర్‌కూ విడదీసి పంపేది క్రాసోవర్). బల్ల మీద ఉంచి, చెవికి 80 సెంటీమీటర్ల దూరం నుంచి వింటున్నారు. గొంతు డొల్లగా ఉంది, గంటసేపు పని చేసేసరికి శకార సకారాలు చెవిని పొడుస్తున్నాయి, కుర్చీలో వెనక్కి వాలితే ధ్వని మరోలా ఉంది, ట్వీటర్ తీగలు తారుమారు చేసి చూసినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంతకంటే ఖరీదైన బోర్డు కొనాలా అని అడిగారు.

కొనవద్దు. మీరు చివర్లో, అంత ముఖ్యం కాదన్నట్టుగా చెప్పిన మాటే అసలు రోగాన్ని పట్టిస్తోంది. ట్వీటర్ పొలారిటీ (ప్లస్, మైనస్ తీగలు) తిరగేసినప్పుడు రెండు డ్రైవర్లు కలిసి పనిచేసే ప్రాంతంలో ఏదో ఒకటి స్పష్టంగా మారాలి: ఒక విధంగా గొంతు నిండుగా, రెండో విధంగా గొయ్యి పడినట్టుగా వినిపించాలి. రెండు విధాలుగానూ ఒకేలా ఉన్నదంటే, వూఫర్ ధ్వనికీ ట్వీటర్ ధ్వనికీ మధ్య ఫేజ్ తేడా (ఒక తరంగం రెండోదానికంటే ఎంత వెనకబడిందో చెప్పే కొలత, పూర్తి చుట్టు 360 డిగ్రీలు) 90 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నదని అర్థం. 90 డిగ్రీల తేడాను తిరగేస్తే మళ్లీ 90 డిగ్రీలే వస్తుంది కనుక, ఏ పొలారిటీలోనూ అవి పూర్తిగా కలవవు, పూర్తిగా కొట్టివేసుకోవు. ఏ బోర్డు ఎంత ఖరీదైనదైనా, మీ పెట్టెను, మీరు కూర్చునే దూరాన్ని లెక్కలోకి తీసుకోకుండా తయారైనంత కాలం ఈ తేడా ఇలాగే మిగులుతుంది.

ఆ 90 డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చాయో లెక్క కట్టి చూద్దాం. మన వైపు 30 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద ధ్వని వేగం సెకనుకు సుమారు 349 మీటర్లు. పుస్తకాల్లో కనిపించే 343 అన్నది 20 డిగ్రీల వద్ద లెక్క. అమలాపురంలో 20 డిగ్రీలంటే పుష్యమాసపు తెల్లవారుజామే కాబట్టి నేను 349 వాడతాను, అయినా తేడా రెండు శాతం లోపే. 2500 హెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 14 సెంటీమీటర్లు. వూఫర్ శంకువు లోపలికి దిగి ఉంటుంది, ట్వీటర్ డోమ్ పలక మీదనే ఉంటుంది. అందువల్ల ఈ పరిమాణపు డ్రైవర్లలో వూఫర్ ధ్వని బయలుదేరే చోటు ట్వీటర్ కంటే రెండు, మూడు సెంటీమీటర్లు వెనక ఉండడం మామూలు. రెండున్నర అనుకుందాం. దీనికి తోడు, చెవి ట్వీటర్ ఎత్తులో ఉండి, వూఫర్ కేంద్రం 14 సెంటీమీటర్లు కింద ఉంటే, 80 సెంటీమీటర్ల దూరంలో వూఫర్ నుంచి చెవికి ఉన్న దారి 81.2 సెంటీమీటర్లు అవుతుంది. అంటే మరో 1.2 సెంటీమీటర్లు చేరాయి. మొత్తం 3.7 సెంటీమీటర్లు; 14 సెంటీమీటర్ల తరంగంలో అది దాదాపు 95 డిగ్రీలు. డ్రైవర్ల సొంత ఫేజ్‌ను ఇందులో కలపలేదు కనుక ఇది ముతక లెక్కే, కానీ మీ లక్షణానికి సరిగ్గా సరిపోతోంది.

ఇదే స్పీకర్‌ను హాలులో రెండున్నర మీటర్ల దూరం నుంచి వింటే పైనున్న 1.2 సెంటీమీటర్ల వాటా 0.4కు తగ్గిపోతుంది. హాలులో వినే స్పీకర్‌కు కట్టిన క్రాసోవర్ బల్ల మీదికి వచ్చేసరికి చెడిపోవడానికి ఇదొక కారణం. దగ్గర నుంచి వినే స్పీకర్‌కు దూరమన్నది క్రాసోవర్‌లో ఒక భాగమే: కాయిల్, కెపాసిటర్ ఎలాగో అదీ అలాగే. మీరు వెనక్కి వాలినప్పుడు ధ్వని మారడానికి కూడా ఇదే కారణం. తల 15 సెంటీమీటర్లు పైకో కిందికో కదిలితే 80 సెంటీమీటర్ల దూరంలో అది పది డిగ్రీలకు పైగా కోణం, రెండున్నర మీటర్ల దూరంలో మూడున్నర డిగ్రీల లోపే. ఆ పది డిగ్రీల కోణంలో, 14 సెంటీమీటర్ల ఎడం ఉన్న రెండు డ్రైవర్ల మధ్య 2.6 సెంటీమీటర్ల దారి తేడా వస్తుంది. అక్షం మీద అంతా చక్కగా కలిసిందనుకున్నా, క్రాసోవర్ 3000 హెర్ట్జ్ వద్ద ఉంటే ఆ కదలికకు 2.3 డెసిబెల్‌ల గొయ్యి, 2500 వద్ద ఒకటిన్నర, 2000 వద్ద ఒకటి పడుతుంది. కుర్చీలో కదలకుండా కూర్చుని పని చేసేవారు ఎవరూ ఉండరు. కాబట్టి బల్ల మీది స్పీకర్‌కు క్రాసోవర్ వీలైనంత కిందికి ఉండాలి, డ్రైవర్లు రెండూ అంచులు తగిలేంత దగ్గరగా ఉండాలి. ఎంత కిందికి అన్నది ట్వీటర్ నిర్ణయిస్తుంది. దాని రెజొనెన్స్ (తనంతట తాను ఎక్కువగా కంపించే చోటు) 1000 హెర్ట్జ్ అయితే నిటారైన వాలుతో, అంటే ధ్వని వేగంగా తగ్గేలా, 2000 దాకా దింపవచ్చు. 1500 అయితే 2500 కిందికి దింపడం నా దృష్టిలో క్షేమం కాదు. హరికథలో తాళాలు, గజ్జెలు మోగుతాయి, ట్వీటర్ మీద పడే భారం తక్కువేమీ కాదు.

పైసా ఖర్చు లేని ప్రయోగం ఒకటి ముందు చేయండి. పెట్టెలను తలకిందులు చేసి, వూఫర్ పైకి, ట్వీటర్ కిందికి వచ్చేలా ఉంచి, చెవి వూఫర్ ఎత్తుకు వచ్చేలా అమర్చండి. ఇప్పుడు ఆ 1.2 సెంటీమీటర్లు వూఫర్‌కు కాక ట్వీటర్‌కు అదనమవుతాయి. మొత్తం తేడా 3.7 నుంచి 1.3 సెంటీమీటర్లకు, అంటే 95 డిగ్రీల నుంచి 33 డిగ్రీలకు దిగుతుంది. ఈ స్థితిలో పొలారిటీ తిరగేసి వినండి. ఒకవైపు గొంతు స్పష్టంగా నిండుకుంటే రోగనిర్ధారణ అయిపోయినట్టే. ఇదే శాశ్వత పరిష్కారమని మాత్రం అనను, ఎందుకంటే ట్వీటర్ బల్లకు దగ్గరై, బల్ల మీద నుంచి తిరిగి వచ్చే ధ్వని పెరుగుతుంది. అయినా కొన్ని స్టూడియోలలో చిన్న స్పీకర్లు తలకిందులుగా కనిపించడం చూసి నవ్వుకునేవారు ఈ లెక్క ఒకసారి చూడాలి.

ఇక బోర్డు విషయం. దాని మీద 2500 అని రాసిన అంకె తప్పు కాదు, కానీ అది 8 ఓంల రెసిస్టర్‌కు చెల్లే అంకె. రెండో ఆర్డర్ (ఆక్టేవ్‌కు, అంటే హెర్ట్జ్ రెట్టింపైన ప్రతిసారీ, 12 డెసిబెల్‌ల వాలు ఇచ్చే) లింక్విట్జ్-రైలీ అనే ఫిల్టర్ పద్ధతిలో 8 ఓంలకు, 2500 హెర్ట్జ్‌కు లెక్క కడితే కాయిల్ 1.02 మిల్లీహెన్రీలు, కెపాసిటర్ 3.98 మైక్రోఫారడ్‌లు వస్తాయి. మీ బోర్డు విప్పి చూస్తే ఇంచుమించు ఇవే విలువలు కనిపించవచ్చు. వూఫర్ మాత్రం రెసిస్టర్ కాదు. వాయిస్ కాయిల్ నిరోధం 6 ఓంలు, ఇండక్టెన్స్ 0.5 మిల్లీహెన్రీ అనుకుంటే 2500 వద్ద దాని ఇంపీడెన్స్ (సంకేతానికి ఎదురయ్యే మొత్తం అడ్డు) దాదాపు 10 ఓంలు, అందులోనూ ఇండక్టివ్, అంటే హెర్ట్జ్‌తో పాటు పెరిగేది. ఆ భారం మీద అదే ఫిల్టర్‌ను లెక్కిస్తే, క్రాసోవర్ వద్ద 6 డెసిబెల్‌లు తగ్గవలసిన సంకేతం 4 డెసిబెల్‌లే తగ్గుతుంది. 90 డిగ్రీలు వెనకబడవలసిన ఫేజ్ 40 డిగ్రీల లోపే ఆగిపోతుంది. వూఫర్ తాను ఆగవలసిన చోట ఆగకుండా ట్వీటర్ పొలంలోకి చొరబడుతుందన్నమాట. శకారం పొడవడంలో దీని పాత్ర కూడా ఉంది. ఆ అక్షరపు శక్తి ఎక్కువగా రెండున్నర నుంచి నాలుగు వేల హెర్ట్జ్‌ల మధ్యనే ఉంటుంది, సకారానిది అంతకంటే పైన.

దీనికి మందు జోబెల్ అనే చిన్న సర్క్యూట్. వూఫర్‌కు సమాంతరంగా ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ సిరీస్‌లో పెడతారు. రెసిస్టర్ విలువ వాయిస్ కాయిల్ నిరోధానికి ఒకటింపావు రెట్లు, అంటే 7.5 ఓంలు, కెపాసిటర్ విలువ ఇండక్టెన్స్‌ను ఆ రెసిస్టర్ వర్గంతో భాగిస్తే వచ్చేది, అంటే సుమారు 9 మైక్రోఫారడ్‌లు. 8 అయినా 10 అయినా పనికొస్తుంది. జోబెల్ లేకుండా కూడా మంచి క్రాసోవర్లు కట్టవచ్చు, కట్టేవారూ ఉన్నారు, కానీ అప్పుడు మిగతా విలువలన్నీ నిజమైన ఇంపీడెన్స్ వక్రరేఖ మీద సిమ్యులేషన్ చేసి నిర్ణయించాలి. మొదటిసారి కడుతున్నవారికి జోబెల్ ఉంటే పని తేలిక.

ఇప్పటిదాకా చెప్పినదంతా లెక్క. లెక్కతో కట్టడం మొదలుపెట్టవచ్చు, ముగించకూడదు. కొలవాలి. బీబీసీ వారు బయటి ప్రసారాల వ్యాన్లలో వినడానికి 1970ల్లో తయారు చేయించిన ఎల్‌ఎస్3/5ఎ అనే చిన్న స్పీకర్‌ను చూడండి. అది కూడా అయిదంగుళాల వూఫర్, చిన్న డోమ్ ట్వీటర్, దాదాపు అయిదు లీటర్ల పెట్టె. దగ్గర నుంచి, ఎక్కువగా మాటను వినడానికే పుట్టింది. దాని క్రాసోవర్ మూడు వేల హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. అందులోని విడిభాగాలు సూత్రాల పట్టికలోంచి ఎత్తి రాసినవి కావు, ఆ డ్రైవర్లు ఆ పెట్టెలో ఎలా మోగుతున్నాయో కొలిచి, ఒక్కో వంపునూ సరిదిద్దడానికి పెట్టినవి.

కొలవడానికి ఇప్పుడు పెద్ద ఖర్చు లేదు. కాలిబ్రేషన్ ఫైలుతో వచ్చే కొలత మైక్, రెండు ఇన్‌పుట్‌ల సౌండ్‌కార్డ్ ఉంటే చాలు. రికార్డింగ్ చేసేవారు కనుక సౌండ్‌కార్డ్ మీ దగ్గర ఉండే ఉంటుంది. కొలవడానికి ఆర్‌ఈడబ్ల్యూ, క్రాసోవర్‌ను కంప్యూటర్ మీద కట్టి చూడడానికి విట్యుయిక్స్‌క్యాడ్, రెండూ ఉచితంగా దొరుకుతాయి. సౌండ్‌కార్డ్ రెండో ఛానల్‌ను లూప్‌బ్యాక్‌గా, అంటే అవుట్‌పుట్‌ను తిరిగి ఇన్‌పుట్‌కే కలిపి, కాలానికి ఆధారం ఏర్పరచుకోవడం తప్పనిసరి. అది లేకపోతే ప్రతి కొలతా తన సొంత సున్నా నుంచి మొదలై, మనం వెతుకుతున్న ఆ 3.7 సెంటీమీటర్లే మాయమైపోతాయి. యూఎస్‌బీ మైక్ అయితే లూప్‌బ్యాక్ కుదరదు. ఆర్‌ఈడబ్ల్యూలో రెండో స్పీకర్ నుంచి గుర్తు శబ్దం పంపి కాలం సరిచూసే ఏర్పాటు ఉంది, దాన్ని వాడుకోవాలి.

మన ఇళ్ల గదులు కొలతకు చిన్నవి, గచ్చు నేల, సున్నపు గోడలు. డాబా మీదికో, కోతలైన తరవాత కళ్లంలోకో వెళ్లడం మేలు. స్పీకర్‌నూ మైక్‌నూ నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తున, ఒకదానికొకటి మీటరు దూరంలో ఉంచితే, నేల నుంచి వచ్చే ప్రతిధ్వని నేరు ధ్వని కంటే 6.2 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. కొలతను ఆ 6.2 మిల్లీసెకన్ల వరకే కత్తిరించుకుంటే 160 హెర్ట్జ్ పైన కనిపించేదంతా స్పీకర్‌దే, చోటుది కాదు. కోనసీమలో కొబ్బరాకుల గలగల అసలు శత్రువు. సముద్రపు గాలి లేవకముందే, తెల్లవారుతున్నప్పుడు పని ముగించుకోవాలి. 160 హెర్ట్జ్ కంటే కింది ధ్వనికి మైక్‌ను వూఫర్ శంకువుకు అర సెంటీమీటర్ దగ్గరగా పెట్టి కొలిచి, రెండు వక్రరేఖలనూ అతకాలి. 1974లో డి. బి. కీల్ వివరించిన పద్ధతి ఇది. అయిదంగుళాల వూఫర్‌కు దాదాపు 1000 హెర్ట్జ్ దాకా చెల్లుతుంది. అతికేటప్పుడు పెట్టె ముందు పలక ప్రభావాన్ని కింది వక్రరేఖకు కలపడం మరవకండి.

ముఖ్యమైన కొలత మాత్రం మీ చెవి ఉండే చోటి నుంచే తీసుకోవాలి. క్రాసోవర్ తీసేసి, పెట్టెలో బిగించి ఉన్న వూఫర్‌ను ఒకసారి, ట్వీటర్‌ను ఒకసారి, మైక్‌ను ఒక్క మిల్లీమీటర్ కూడా కదపకుండా, 80 సెంటీమీటర్ల దూరంలో, మీరు కూర్చున్నప్పుడు చెవి పడే కోణంలో కొలవండి. ట్వీటర్‌కు నేరుగా ఆంప్లిఫయర్ తగిలించేటప్పుడు మధ్యలో పెద్ద కెపాసిటర్ ఒకటి ఉంచి, స్వీప్‌ను (కింది నుంచి పైకి సాగే పరీక్ష శబ్దాన్ని) 500 హెర్ట్జ్ పైనుంచి, తక్కువ శబ్దంతో పంపండి. ఆ తరవాత రెండూ కలిపి మోగించి మూడో కొలత తీసుకుంటే, సిమ్యులేషన్‌లో మొదటి రెండింటి మొత్తం మూడోదానితో సరిపోతోందో లేదో చూసుకోవచ్చు. సరిపోకపోతే కాలపు ఆధారం ఎక్కడో తప్పింది. ముందుకు పోకుండా అక్కడే ఆగాలి. ఇంపీడెన్స్ వక్రరేఖలు కూడా రెండింటివీ తీసుకోండి.

సిమ్యులేషన్‌లో చేరవలసిన గమ్యం విద్యుత్ ఫిల్టర్ వాలు కాదు, చెవికి చేరే ధ్వని వాలు. నిజానికి చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. ట్వీటర్ తన రెజొనెన్స్ కింద తానే ఆక్టేవ్‌కు 12 డెసిబెల్‌ల చొప్పున పడిపోతుంది, వూఫర్ కూడా పైన తన దారిన తాను తగ్గుతుంది. వాటికి రెండో ఆర్డర్ విద్యుత్ ఫిల్టర్ కలిస్తే ధ్వని వాలు మూడో ఆర్డర్‌కో నాలుగో ఆర్డర్‌కో చేరుతుంది. 1976లో సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్ ప్రచురించిన వ్యాసంతో ప్రసిద్ధమైన నాలుగో ఆర్డర్ పద్ధతిలో రెండు డ్రైవర్లూ క్రాసోవర్ వద్ద 6 డెసిబెల్‌లు తగ్గి, ఒకే ఫేజ్‌లో ఉండి, కలిసి తిన్నగా వస్తాయి. అయితే రెండూ ఒకే తలంలో ఉన్నప్పుడే ఆ మాట అచ్చంగా చెల్లుతుంది. మీ వూఫర్ 95 డిగ్రీలు వెనక ఉన్నది. కాయిళ్లు, కెపాసిటర్లతోనే కట్టే పాసివ్ క్రాసోవర్‌తో ట్వీటర్‌ను సులువుగా ఆలస్యం చేయలేము కాబట్టి, ఫేజ్ బాకీని వాలుల్లో సర్దుకోవాలి. వూఫర్ ధ్వని వాలు రెండో ఆర్డర్ దగ్గర ఉంటే క్రాసోవర్ వద్ద అది 90 డిగ్రీలు వెనక, ట్వీటర్ వాలు నాలుగో ఆర్డర్ దగ్గర ఉంటే 180 డిగ్రీలు ముందు. మధ్య తేడా 270, దానికి దూరపు 95 కలిపితే 365, అంటే ఇంచుమించు పూర్తి చుట్టు. రెండూ మామూలు పొలారిటీలోనే కలుస్తాయి. వూఫర్ మెల్లగా వాలి, ట్వీటర్ నిటారుగా తెగే ఈ అసమాన అమరిక చిన్న స్పీకర్లకు ఎంతో అనువుగా ఉంటుంది, ట్వీటర్‌కు రక్షణ కూడా. మీ వూఫర్ వక్రరేఖలో పైన, ఎక్కువ హెర్ట్జ్‌ల వైపు, గరుకైన కొండ ఉంటే మాత్రం మెల్లని వాలు ఆ కొండను దాచదు. అప్పుడు రెండు వైపులా మూడో ఆర్డర్ దగ్గరకు వెళ్లవచ్చు, ఫేజ్ మొత్తం అంతే వస్తుంది.

సరిగ్గా కుదిరిందా అని తేల్చే పరీక్ష మళ్లీ పొలారిటీయే. కట్టడం పూర్తయ్యాక ట్వీటర్‌ను తిరగేసి, చెవి చోటి నుంచి కొలిస్తే, క్రాసోవర్ వద్ద లోతైన, రెండు వైపులా సమానంగా ఉన్న గొయ్యి కనిపించాలి. 20 డెసిబెల్‌లకు మించిన లోతు వస్తే చాలు, తృప్తిపడండి. గొయ్యి క్రాసోవర్‌కు ఒక పక్కకు జరిగి ఉంటే వాలులలో ఒకటి ఎక్కువ తక్కువగా ఉన్నదన్నమాట.

ముందు పలక వల్ల వచ్చే మెట్టు గురించి రెండు మాటలు. 18 సెంటీమీటర్ల పలకకు ఆ మెట్టు మధ్యభాగం 640 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. అంతకు కిందికి పోయే కొద్దీ ధ్వని వెనక్కి కూడా వ్యాపించి, ఆరుబయట 6 డెసిబెల్‌ల దాకా తగ్గుతుంది. పుస్తకాలు ఆ ఆరూ తిరిగి ఇవ్వమంటాయి. బల్ల మీద, వెనక గోడ ఉన్నచోట అంత ఇస్తే గొంతు కుండలోంచి వచ్చినట్టుంటుంది. రెండు మూడు డెసిబెల్‌లు చాలు. వూఫర్ కాయిల్ విలువను ఒక మిల్లీహెన్రీ నుంచి ఒకటిన్నర వైపు పెంచడంతోనే ఇది చాలావరకు జరిగిపోతుంది.

బల్ల నుంచి తిరిగొచ్చే ధ్వనిని మాత్రం క్రాసోవర్‌తో సరిచేయాలని చూడకండి. వూఫర్ బల్లకు 16 సెంటీమీటర్ల ఎత్తున, చెవి 40 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే నేరు దారికీ బల్ల దారికీ తేడా 14 సెంటీమీటర్లు. 1240 హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడుతుంది. గొంతు డొల్లతనంలో దీని వాటా ఎంతో మీరే తేల్చుకోవచ్చు: స్పీకర్ కింద 15 సెంటీమీటర్ల దిమ్మ పెడితే ఆ గొయ్యి 660 దగ్గరికి జరుగుతుంది, బల్ల వెనక విడిగా స్టాండు మీద పెడితే చాలావరకు పోతుంది. స్టాండు ఖర్చు కెపాసిటర్ ఖర్చు కంటే ఎక్కువ ఫలితమిస్తుందని నా గట్టి అభిప్రాయం. ఎత్తు మారిస్తే చెవి కోణం మారుతుంది కనుక, స్పీకర్ ఎక్కడ ఉంటుందో ముందే ఖాయం చేసుకుని, ఆ తరవాతనే కొలతకు దిగండి.

విడిభాగాలకు హైదరాబాదు దాకా పోనవసరం లేదు. సీలింగ్ ఫ్యాన్‌లో వాడే 2.5, 3.15, 4 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్లు మెటలైజ్డ్ పాలీప్రొపిలీన్‌వే, అయిదు శాతం లోపు కచ్చితత్వంతో, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతాయి. సమాంతరంగా కలిపితే కావలసిన విలువ వస్తుంది. పంపు మోటార్లకు వాడే రన్ కెపాసిటర్లు కూడా పనికొస్తాయి. స్టార్ట్ కెపాసిటర్లు ఎలక్ట్రోలిటిక్, వాటి జోలికి పోవద్దు. వాడిన ఫ్యాన్ కెపాసిటర్ విలువ పడిపోయి ఉంటుంది, కొత్తదే కొని మీటరుతో చూసి పెట్టండి. కాయిళ్లకు మోటార్ వైండింగ్ షాపులే దిక్కు. చేపల, రొయ్యల చెరువుల ఏరేటర్ల పుణ్యమా అని భీమవరం నుంచి అమలాపురం దాకా వీధికొకటి ఉన్నాయి. 19 గేజి ఎనామిల్ రాగి తీగ అడగండి, అది ఒక మిల్లీమీటరు మందం. లోపలి వ్యాసం 28 మిల్లీమీటర్లు, వెడల్పు 14 మిల్లీమీటర్లు ఉన్న బాబిన్ మీద సుమారు 165 చుట్లు వేస్తే ఒక మిల్లీహెన్రీ వస్తుంది. తీగ 22 మీటర్లు, నిరోధం అర ఓం, రాగి 150 గ్రాముల పైచిలుకు. అయిదారు చుట్లు ఎక్కువే వేయించి, కాయిల్ విలువ కొలిచే ఎల్‌సీఆర్ మీటరు మీద చూస్తూ విప్పుకుంటూ రండి. ఆ అర ఓం వల్ల వూఫర్ సుమారు అర డెసిబెల్ తగ్గుతుంది, సిమ్యులేషన్‌లో దాన్ని వేసుకోవాలి. బోర్డు మీద కాయిళ్లను దూరదూరంగా, ఒకదానికొకటి అడ్డంగా తిప్పి బిగించండి, వూఫర్ అయస్కాంతం వెనకాల మాత్రం వద్దు.

మన గాలిలో తేమ ఎక్కువ, అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపైతే ఉప్పు కూడా. ఎండీఎఫ్ ముక్క మీద క్రాసోవర్ కట్టకండి, రెండు వానాకాలాల్లో ఉబ్బిపోతుంది. ఫైబర్ షీటో అక్రిలిక్ షీటో వాడి, టంకాల మీద వార్నిష్ పూయండి. స్పేడ్ కనెక్టర్ల కంటే టంకమే నమ్మకం. పెట్టెకు కూడా ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ కొంచెం ఖరీదైనా మేలు.

ట్వీటర్ స్థాయి చివరికి వినే నిర్ణయించాలి. 8 ఓంల ట్వీటర్‌ను 4 డెసిబెల్‌లు తగ్గించాలంటే లెక్క ప్రకారం సిరీస్‌లో 2.95, సమాంతరంగా 13.7 ఓంలు రావాలి. బజారులో దొరికే విలువల్లో సమాంతరంగా 15 ఉంచి, సిరీస్‌లో 2.7 పెడితే 3.6 డెసిబెల్‌లు, 3.3 పెడితే 4.25 డెసిబెల్‌లు తగ్గుతుంది. అయిదు వాట్ల సిమెంట్ రెసిస్టర్లు చాలు. రెండింటి మధ్య తేడా ముప్పాతిక డెసిబెల్ కూడా లేదు, అయినా ఒక పూటంతా పని చేస్తే చెవికి తెలిసిపోతుంది. మీరు పొరపాటున పాట పెట్టి నిర్ణయించకండి. పాటలో ఏ సర్దుబాటుకైనా ఏదో ఒకటి బాగుంటుంది. నేను తంబూరా శ్రుతి పెట్టి వింటాను. దాని అనుస్వరాలు (మూలస్వరంతో పాటు పలికే పై స్వరాలు) క్రాసోవర్ ప్రాంతం మీదుగా ఎడతెగకుండా సాగుతుంటాయి కనుక, ఎక్కడైనా గొయ్యి గానీ గుబ్బ గానీ ఉంటే తల కొద్దిగా కదిపినా శ్రుతి రంగు మారుతుంది. తరవాత మీరే రికార్డు చేసిన, మీకు బాగా తెలిసిన ఒక గొంతు: శంకరుడు, సంసారం, చచ్చి వంటి మాటలు వచ్చే భాగం. శ, స, చ మూడూ వేరువేరుగా వినిపిస్తూ, ఏదీ ముందుకు దూకకుండా ఉంటే స్థాయి సరైనదే. మూడూ ఒకే ఈలలా వస్తే ట్వీటర్ ఎక్కువైంది. శకారం మాత్రమే దూకుతుంటే స్థాయిని ముట్టుకోకుండా, వూఫర్ వైపు వాలు మళ్లీ చూడండి. ఒక్క స్పీకర్‌తోనే, మోనోలో ఈ పని చేయండి, రెండూ కలిస్తే లోపాలు దాక్కుంటాయి.

ఇంత శ్రమ వద్దనుకుంటే డీఎస్‌పీ మార్గం ఉంది, అంటే ఆంప్లిఫయర్ కంటే ముందే చిప్‌లో ధ్వనిని లెక్కలతో విడదీయడం. ఏడీఏయూ1701 చిప్‌తో వచ్చే చిన్న బోర్డు, నాలుగు ఛానళ్ల క్లాస్-డి ఆంప్లిఫయర్ తీసుకుంటే కాయిళ్లు, జోబెల్, రెసిస్టర్లు ఏవీ అక్కరలేదు. 48 కిలోహెర్ట్జ్ వద్ద ఒక శాంపిల్ ఆలస్యం 7.3 మిల్లీమీటర్లకు సమానం కాబట్టి, మీ 3.7 సెంటీమీటర్లకు ట్వీటర్‌ను అయిదు శాంపిళ్లు వెనక్కి జరిపితే రెండు డ్రైవర్లూ ఒకే తలంలోకి వస్తాయి, ఆపై నాలుగో ఆర్డర్ లింక్విట్జ్-రైలీని పుస్తకంలో ఉన్నట్టే ధ్వని వాలుగా సాధించవచ్చు. మీ పనికి నేనైతే ఇదే ఎంచుకుంటాను. కొలత పని మాత్రం ఇక్కడా తప్పదు. ఒక జాగ్రత్త తీసుకోవాలి: మన వైపు కరెంటు పోతూ వస్తూ ఉన్నప్పుడల్లా ఆంప్లిఫయర్ నుంచి వచ్చే ఢాం అనే దెబ్బ నేరుగా ట్వీటర్ మీద పడుతుంది, మధ్యలో అడ్డుకునే కెపాసిటర్ ఉండదు కాబట్టి. సబ్‌మెర్సిబుల్ మోటారుకు వాడే 36 మైక్రోఫారడ్‌ల రన్ కెపాసిటర్‌ను ట్వీటర్‌కు సిరీస్‌లో పెట్టండి. దాని ప్రభావం 550 హెర్ట్జ్ ప్రాంతంలో మొదలవుతుంది కనుక క్రాసోవర్ జోలికి పెద్దగా రాదు. వచ్చే కొద్దిపాటి ఫేజ్ కూడా ఆ కెపాసిటర్ పెట్టాకనే ట్వీటర్‌ను కొలిస్తే కొలతలోకి చేరిపోతుంది.